రెండు చిమ్నీల దగ్గర చివరి గుంత

ఆ గుంతను భర్త పూడ్చాడా, లేక ఇద్దరూ పూడ్చకుండానే వచ్చేశారా అన్న సందేహం నెరిడా పాస్కోను తొమ్మిదేళ్ళుగా చెప్పులో రాయిలా పీడిస్తోంది. దానివల్ల నడక ఆగిపోలేదు. ఇల్లు, తోట, ఆదివారం ప్రార్థన, మనవరాళ్ళ పుట్టినరోజులు అన్నీ నడిచాయి. కానీ అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా ఆ రాయి అక్కడే ఉందని తెలిసేది.

బంగారు గనుల సీమలో చట్టం కన్నా పెద్ద నియమం ఒకటుంది. తవ్వినవాడు పూడ్చాలి. పూర్వం గునపాలూ ఒంటిచక్రం బళ్ళూ వేసుకుని వచ్చినవాళ్ళు ఆ పని చెయ్యలేదు. తవ్వారు, దొరికింది పట్టుకుపోయారు, దొరకనివాళ్ళు అక్కడే చచ్చిపోయారు. ఇప్పుడు ప్రతి చలికాలం ఉద్యోగాలు దిగిపోయినవాళ్ళు కార్ల వెనక చక్రాల ఇళ్ళలాంటి కారవాన్లు తగిలించుకుని వస్తారు. చేత లోహాన్ని పసిగట్టే డిటెక్టర్ పట్టుకుని ఎర్రనేల మీద దువ్వెనతో దువ్వినట్టు అటూ ఇటూ ఊపుకుంటూ తిరుగుతారు. అది కూత పెట్టినచోట జానెడో మూరెడో తవ్వుతారు. నూటికి తొంభైసార్లు తుప్పుపట్టిన మేకే దొరుకుతుంది. దొరికింది మేకైనా బంగారమైనా మట్టి మళ్ళీ గుంతలోకి తోసి, కాలితో తొక్కి, ఇక్కడెవరూ తవ్వలేదన్నట్టు చేసి కదలాలి. ఎందుకంటే ఆ నేల మీద గొర్రెలు తిరుగుతాయి, పశువులు తిరుగుతాయి, వాటి వెనక గుర్రాలు తిరుగుతాయి.

లిండ్సే, నెరిడా ఆ పని పంచుకున్నారు. తవ్వేది అతను, పూడ్చేది ఆమె. ముప్ఫై చలికాలాల్లో ఎన్ని వందల గుంతలు పూడ్చిందో ఆమె లెక్కపెట్టలేదు. వంట చేసినవాళ్ళు గిన్నెలు కడిగినట్టే ఆమెకది.

ఆ ఒక్క సాయంత్రం తప్ప.

మెరిన్ వెల్ అనే పశువుల ఎస్టేటు పొలిమేరలో రెండు చిమ్నీలు అని ఒక చోటుంది. ఒకప్పుడు గని దొరగారి బంగళా. గోడలు పోయి ఇటుక చిమ్నీలు రెండే మిగిలాయి. అక్కడ మకాం వేసిన నాలుగో రోజు సాయంత్రం వాయవ్యాన మబ్బు పట్టింది. సరిగ్గా అప్పుడే లిండ్సే డిటెక్టర్ కూసింది. మోకాలి లోతు తవ్వినా ఆ కూత ఇంకా కిందినుంచే వస్తోంది. వానొస్తే ఈ ఎర్రమట్టి పిండి కలిపినట్టయి, చక్రాలు ఇరుసుదాకా దిగబడతాయని, బయల్దేరదామని ఆమె మూడుసార్లు అంది. ఇంకొక్క మూరెడు అన్నాడతను. నాలుగోసారి ఆమెకు కోపం వచ్చింది.

"నీ బంగారం నీ సమాధిలో పెట్టుకో," అని చేతిలో ఉన్న పార అక్కడే పడేసి కారవాన్ దగ్గరికి నడిచి వచ్చేసింది. గుంత పూడ్చకుండా వెనుదిరగడం ఆమెకు అదే మొదటిసారి.

అరగంట తరువాత లిండ్సే వచ్చాడు. చేతిలో తుప్పుపట్టిన బూటు లాడం ఉంది. మాట్లాడకుండా బల్లలు మడిచారు, గ్యాసు కట్టేశారు, కారవాన్ కారుకి తగిలించారు. తారురోడ్డు ఎక్కగానే మొదటి చినుకు పడింది. గుంత సంగతి అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. పూడ్చేది ఆమె పని కాబట్టి, సర్దుకునేలోపు ఆమె వెనక్కి వెళ్ళి పూడ్చిందనుకున్నాడేమో. వచ్చేముందు అతనే పూడ్చి ఉంటాడని ఆమె అనుకుంది.

మరుసటి ఏడు చలికాలం దారిలో ఒక పెట్రోలు బంకు దగ్గర టీ తాగుతుంటే పక్కబల్ల వాళ్ళ మాటలు చెవిన పడ్డాయి. రెండు చిమ్నీల వైపు ఎవరో డిటెక్టర్లవాళ్ళు గుంత పూడ్చకుండా పోయారట. మెరిన్ వెల్ పెద్దావిడ గుర్రం అందులో కాలు విరగ్గొట్టుకుందట. తుపాకీతో కాల్చేయాల్సి వచ్చిందట. లిండ్సే చక్కెర ఎప్పుడో కరిగిపోయిన టీని చాలాసేపు కలుపుతూ కూర్చున్నాడు. ఆ తరువాత వాళ్ళు ఆ వైపు వెళ్ళలేదు. వేరే చోట్లకు వెళ్ళారు. ఎందుకు వెళ్ళడం లేదో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ అనుకోలేదు.

రెండేళ్ళ క్రితం ఎండాకాలంలో లిండ్సే గుండె ఆగిపోయింది. అంతకుముందు తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆమె పక్కన కూర్చుని కీర్తనలు చదివేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది. పోయే మనిషిని గుంత గురించి అడుగుతామా?

తరువాత పాస్టరుగారిని అడిగింది. చేశానో లేదో తెలియని తప్పుకు క్షమాపణ అడగవచ్చా అని. కుర్రవాడే కానీ మంచివాడు. మనకు తెలియకపోయినా దేవుడికి తెలుసు కదండీ, అడగండి అన్నాడు. అడిగింది, ఒకసారి కాదు, చాలాసార్లు. మనసు మాత్రం తేలికపడలేదు. దేవుడికి తెలిసింది బాగానే ఉంది, తనకెప్పుడు తెలుస్తుంది? తెలుసుకోవాలనుకోవడం విశ్వాసం తక్కువై కాదు కదా అని తనలో తనే అడుగుతూ ఉండేది. ఈ జూన్‌లో, చలికాలం మొదలవగానే, డెబ్బై ఒకటో ఏట, కారవాన్ మీద కప్పిన గుడ్డ తీసి దుమ్ము దులిపింది. ఆ గుంత చూస్తే తెలిసిపోతుందని ఆమె నమ్మకం. పూడ్చిన నేలకీ పూడ్చని నేలకీ తేడా ముప్ఫై ఏళ్ళు ఆ పని చేసిన చేతులకు తెలియదా? పూడ్చి ఉంటే భర్తకు మనసులోనే దణ్ణం పెట్టుకుని ఇంటికి వచ్చేస్తుంది. లేకపోతే ఆ పెద్దావిడ ముందు నిలబడి చెప్పేస్తుంది.

నార్తమ్‌లో ఉన్న కూతురు ఒంటరిగా వద్దంది. "వెనక్కి నడపడం కూడా రాదు కదమ్మా నీకు," అంది.

ఆ మాట నిజమే. కారవాన్ వెనక్కి నడిపేటప్పుడు ఆమె ఎప్పుడూ వెనక నిలబడి చెయ్యి ఊపే మనిషి. ఎడమకి, ఇంకా ఎడమకి, చాలు, ఆగు. స్టీరింగ్ దగ్గర లిండ్సే, అద్దంలో ఆమె. ఇప్పుడు స్టీరింగ్ దగ్గర ఆమె ఉంది. అద్దంలో ఎవరూ లేరు.

కాల్గూర్లీలో కారవాన్లు ఆపుకునే పార్కులో నాలుగుసార్లు ప్రయత్నించింది. నాలుగుసార్లూ కారవాన్ అడ్డం తిరిగి చెట్టు మీదికే పోయింది. పక్క స్థలంలో మడత కుర్చీలో కూర్చుని ఒకతను టీ తాగుతూ అంతా చూస్తున్నాడు. పేరు బెవన్ రడ్జ్. నలభై ఏళ్ళు రైలింజన్ నడిపి దిగిపోయానని ఆమె రాగానే చెప్పాడు.

"తల్లీ, ఆ చెట్టు నిన్నేమీ అన్లేదు. దాన్నొదిలేయ్," అన్నాడు.

"నువ్వు రైలు నడిపావన్నావుగా? నీకేం తెలుస్తుంది, నీకు పట్టాలుండేవి," అంది నెరిడా.

అతను నవ్వి, కప్పు కింద పెట్టి, వచ్చి వెనక నిలబడి చెయ్యి ఊపాడు. అయిదోసారి సరిగ్గా పడింది. అద్దంలో పరాయి మనిషి చెయ్యి ఊగింది. ఇంజను ఆపి కాసేపు దిగకుండా కూర్చుంది.

సాయంత్రం పీపాలో మంట వేసుకుని పదిమంది చుట్టూ చేరారు. బెవన్ గుమ్మడికాయ సూప్ ఇచ్చాడు. అందరూ దొరికిన బంగారం గురించి మాట్లాడారు, ఒక్కరూ ఎక్కడ దొరికిందో చెప్పలేదు. ఆమెనూ ఎటు వెళ్తున్నావని అడిగారు. ఉత్తరం వైపు అంది. అందరూ నవ్వారు. ఉత్తరమంటే వెయ్యి మైళ్ళుంది. సరైన జవాబేనని బెవన్ మెచ్చుకున్నాడు. ఆ గుంపులో దాదాపు అందరూ జంటలే. భార్యలు భర్తల మోకాళ్ళ మీద దుప్పటి సర్దుతున్నారు. ఆమె సూప్ గిన్నె కడిగి ఇచ్చేసి పెందరాళే వచ్చేసింది.

ఆదివారం దారిలో ఒక చిన్న ఊళ్ళో ప్రార్థనకు ఆగింది. రేకుల గుడి. తనతో కలిపి ఏడుగురు. పాస్టరు నెలకొకసారే వస్తాడు, మిగిలిన వారాలు బడిలో పనిచేసి మానేసిన ఒకావిడ బైబిలు చదువుతుంది. నెరిడా అలవాటు కొద్దీ బెంచీలో ఒకరికి చోటు వదిలి కూర్చుంది. అది గమనించి మధ్యకు జరిగింది, మళ్ళీ పక్కకే వచ్చేసింది.

మెరిన్ వెల్ గేటు దాటాక కొంతదూరంలో దారి చీలుతుంది. ఎడమకి వెళితే ఎస్టేటు ఇల్లు, కుడికి వెళితే రెండు చిమ్నీలు. చీలిక దగ్గర ఆమె కారు ఆపింది. ముందు ఇంటికి వెళ్ళడమే పద్ధతి. కానీ ఆ ఇంట్లోనే ఆ గుర్రం యజమానురాలు ఉంది. ఏమని మాట కలపాలి? ముందు నిజం తెలుసుకుని తరువాత ముఖం చూపిద్దామని తనకు తాను చెప్పుకుని కుడివైపు తిప్పింది.

చిమ్నీలు అలాగే ఉన్నాయి. తెల్లరాళ్ళు, ముల్గా తుప్పలు, వాటి మధ్య గాలి. ఆమె మంట వేసి, బల్ల పరిచింది. కప్పులు తీస్తే చేతికి రెండొచ్చాయి. ఒకటి లోపల పెట్టేసింది. భోజనానికి ముందు ప్రార్థన ఒంటరిగా చదువుకుంటే గొంతు పెద్దగా వినిపించి, తగ్గించుకుంది.

గుర్తు ఉంది ఆమెకు. రెండుగా చీలి, తూర్పుకు ఒరిగిన ఒక గిమ్లెట్ చెట్టు. దాని బెరడు రాగి చెంబులా మెరుస్తుంది. మరునాడు పొద్దున్నే వెతికితే చెట్టు దొరికింది. చెట్టు కిందికి వెళ్ళి నిలబడిపోయింది.

నేలంతా గుంతలే. తొమ్మిది చలికాలాల్లో ఎంతమంది వచ్చి వెళ్ళారో, కొందరు పూడ్చారు, కొందరు సగం పూడ్చారు, కొందరు సిగ్గులేకుండా అలాగే వదిలేసి పోయారు. ఆ చెట్టు చుట్టూ మూడు పల్లాలున్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కదాన్నీ చేతులతో తడిమింది. పూడ్చిన మట్టి ఏళ్ళు గడిచాక కుంగి పల్లమవుతుంది. పూడ్చని గుంతలోకి గాలీ వానా మట్టి చేర్చి అదీ పల్లమే అవుతుంది. రెండూ ఒకలాగే ఉంటాయి. ఈ మాట ఆమెకు తెలియనిది కాదు. ఇన్నేళ్ళూ తెలుసుకోదలుచుకోలేదు, అంతే. లిండ్సే పూడ్చాడో లేదో గానీ, వాన మాత్రం పూడ్చేసింది. సాక్ష్యం మిగల్లేదు.

అయిదువందల మైళ్ళు ఒంటరిగా వచ్చింది ఇందుకా అనిపించింది. ఆ రోజంతా అక్కడే కూర్చుంది. ఆ మర్నాడు కూడా ఉంది. వెళ్ళిపోవడానికి మనసొప్పలేదు, ఉండటానికి కారణం కనిపించలేదు. పొద్దున బకెట్లో నీళ్ళ మీద పల్చటి మంచు పొర. దాన్ని వేలితో పొడిచి చూసి, ఎవరికో చూపిద్దామన్నట్టు తల తిప్పింది. ఊరికే ఉండలేక పార తీసి, తెరిచి ఉన్న గుంతల్లోకి మట్టి తోయడం మొదలుపెట్టింది. ఎవరివైతేనేం?

మూడో రోజు పొద్దున ఒక పాత ట్రక్కు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. ముందు బంపరు తీగతో కట్టి ఉంది. దాంట్లోంచి ఒక ముసలావిడ ముందు కర్ర దించి, తరువాత కాలు దించి, తరువాత తను దిగింది. ఎనభై దాటి ఉంటాయి. మగవాళ్ళ కోటు, ఉన్నిటోపీ. కుడిభుజం ఎడమదానికన్నా కొంచెం కిందికి ఉంది. నెరిడా ఆమెను వెంటనే గుర్తుపట్టింది. మెరిన్ వెల్ పెద్దావిడ, గ్వెండా థోర్బర్న్. అప్పట్లో మకాం వేసేముందు ఇంటికి వెళ్ళినప్పుడు చూసింది. గ్వెండా మాత్రం గుర్తుపట్టినట్టు లేదు.

"రెండ్రోజుల్నుంచి పొగ కనిపిస్తోంది. నువ్విక్కడున్నట్టు ఎవరికి తెలుసు?" అంది, పలకరింపు ఏమీ లేకుండా.

నెరిడా పార పక్కన పెట్టింది. "దేవుడికి తెలుసు," అంది.

"ఆయన నాకు రేడియోలో చెప్పలేదే," అంది గ్వెండా. "పాము కరిచి పడుంటే ఎవరొచ్చి చూడాలమ్మాయ్? నేనేగా? అందుకే రాగానే ఇంటికొచ్చి చెప్పమంటాం."

నెరిడా తప్పయిందని ఒప్పుకుంది. కుర్చీ వేసి, టీ పెట్టి ఇచ్చి, ఎండుద్రాక్ష కేకు కోసింది. కేకు ముక్కను గ్వెండా అటూ ఇటూ తిప్పి చూసి, ఇది కొన్నదా చేసిందా అని అడిగింది. చేసిందేనంటే అప్పుడు తింది. తన మేనల్లుడి గురించి, మేకల ధర గురించి, ఈ ఏడు పడని వాన గురించి చెప్పింది. చలికాలమంతా తనుండే ఇంట్లో మాట్లాడే మనిషి లేనట్టు ఆగకుండా చెప్పింది. నెరిడా వింటూ, చేతులు ఒళ్ళో గట్టిగా పట్టుకుని, మాట ఆగే చోటు కోసం చూసింది. ఆగగానే చెప్పేసింది. తొమ్మిదేళ్ళ నాటి సాయంత్రం, మోకాలి లోతు గుంత, పారేసిన పార, మబ్బు, పెట్రోలు బంకు దగ్గర విన్న మాట, అన్నీ వరసగా. తన భర్త ఎలా పోయాడో చెప్పింది. చివరికి, "మీ గుర్రం మా గుంతలోనే పడిందేమో. నాకు తెలీదు. తెలుసుకుందామని వచ్చాను. ఇక్కడ చూస్తే ఏమీ తెలియట్లేదు," అంది.

గ్వెండా కర్రను మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుంది.

"కూకబర్రా పిట్ట బొమ్మ ఉన్న కార్డు. అది పంపింది నువ్వేనా?"

నెరిడాకు గుర్తొచ్చింది. ఇంటికి చేరాక మకాం వేసుకోనిచ్చినందుకు కృతజ్ఞతలని ఒక కార్డు రాసి పోస్టులో వేసింది.

"పాస్కో. ఆ పేరే," అంది గ్వెండా. "ఇక్కడ కాదు పడింది. ఇదసలు ఆ చోటే కాదు. ఇక్కడికి రెండు మైళ్ళు, వాగు పక్కన. ముసలాళ్ళ కాలంలో బంగారం కోసం తవ్విన పొడుగాటి కాలవ ఉంది, గడ్డి మూసేసి కనిపించదు. మా తాతల నాటిది. అందులో పడింది. డిటెక్టర్లవాళ్ళ గుంతని ఊళ్ళోవాళ్ళు కల్పించారు. వాళ్ళకి మీరంటే కడుపుమంట."

నెరిడా కుర్చీ అంచుకు జరిగింది. తొమ్మిదేళ్ళు. కాదు. తమది కాదు. లిండ్సే పూడ్చినా పూడ్చకపోయినా తమది కాదు. చేతులు జోడించబోయింది. కానీ గ్వెండా ముఖంలో ఏదో ఇంకా మిగిలి ఉంది. కప్పులో మిగిలిన టీ కింద పారబోసింది.

"ఆ వానలో దాని మీద నేనే ఉన్నాను," అంది.

"వానలో అటెందుకు వెళ్ళారు మీరు?" అని అడిగింది నెరిడా. అడుగుతుండగానే జవాబు తెలిసిపోయింది, కానీ అప్పటికే మాట బయటికి వచ్చేసింది.

"మీకోసం."

గ్వెండా గొంతు పెంచలేదు. నేల మీద కర్రతో గీస్తూ జరిగింది చెప్పింది. రెండురోజులు ఎడతెగని వాన. రెండు చిమ్నీల దగ్గర ఇద్దరు ముసలాళ్ళు కారవాన్లో ఉన్నారని ఆమెకు తెలుసు, ఎందుకంటే వచ్చినప్పుడు ఇంటికొచ్చి చెప్పారు. వెళ్ళిపోయారని తెలియదు, ఎందుకంటే వెళ్ళేటప్పుడు చెప్పలేదు. ట్రక్కు ఆ బురదలో కదలదు. అందుకని గుర్రం ఎక్కింది. పద్దెనిమిది కిలోమీటర్లు తడుస్తూ వచ్చి చూస్తే మకాం ఖాళీ. చక్రాల జాడలు వానకు కొట్టుకుపోయాయి. భయపడి వాగు దాటబోయి కొట్టుకుపోయారేమోనని గట్టు వెంట వెతికింది. అక్కడ గడ్డి కింద కాలవ. గుర్రం ముంగాళ్ళు దిగబడ్డాయి. తను ఎగిరి పడితే భుజం ఎముక విరిగింది. ఆ భుజంతో ఇంటికి నడిచింది. మర్నాడు మేనల్లుడు తుపాకీ తీసుకుని వెళ్ళాడు. అంతసేపూ అది నిలబడాలని చూస్తూనే ఉందట.

"మూడు వారాలకి నీ కార్డొచ్చింది. అందమైన దస్తూరీ," అంది గ్వెండా.

నెరిడా దారి వైపు చూసింది. ఆ సాయంత్రం ఎస్టేటు ఇల్లు ఒకవైపు, తారురోడ్డు ఇంకొకవైపు. వానొస్తోంది. పద్దెనిమిది కిలోమీటర్లు వెనక్కి వెళ్ళి చెప్పడమన్న ఆలోచనే ఇద్దరికీ రాలేదు. కోపంలో ఉన్న ఇద్దరు ఒకే కారులో ఒకరితో ఒకరు మాట్లాడకుండా వెళ్ళిపోయారు. మాట్లాడుకుని ఉంటే, వాళ్ళకి చెప్పలేదే అని ఎవరో ఒకరికి తట్టేది.

తొమ్మిదేళ్ళు తను గుంత గురించే మథనపడింది, దాని గురించే ప్రార్థించింది. అడగవలసిన తప్పు అది కానే కాదు. మరి ఆ ప్రార్థనలన్నీ ఎక్కడికి చేరాయి? వినేవాడు విని, సరైన తప్పు పేరు రాసుకున్నాడా, లేక ఎప్పటికైనా తెలుసుకుంటుందిలే అని ఊరుకున్నాడా? ఆమెకు తెలియలేదు. ఆయన మీద కోపమూ రాలేదు. ఒక్కటి మాత్రం గట్టిగా అనిపించింది. ఇప్పుడు ఈ మాట చెప్పుకోవడానికి లిండ్సే ఉండాలి. ఆ టీ కప్పు అంతసేపు కలిపిన మనిషికి, గుంత కాదట, మనం చెప్పకుండా వచ్చేశామట అని చెప్పాలి. ఆ మాట విని బాధపడటానికైనా పక్కన ఇంకో మనిషి లేడు.

"క్షమించండి," అంది. "మా ఇద్దరి తరఫునా అడుగుతున్నాను."

"క్షమాపణలు నా దగ్గరుండవమ్మాయ్, నీ ఆదివారం వాళ్ళ దగ్గరుంటాయి," అంది గ్వెండా. "గుర్రం పేరు టాన్సీ. అది నువ్వు తెలుసుకుంటే చాలు. ఇంకేమీ అడగను."

కర్ర ఊతంగా లేచింది. కేకు సగం కాగితంలో చుట్టి ఇస్తే వద్దనలేదు. ట్రక్కు ఎక్కాక, కిటికీ అద్దం దించింది. దించడానికి రెండు చేతులూ వాడాల్సి వచ్చింది.

"పూడుస్తున్నావు కదా, వాగువైపు కాలవ జోలికి మాత్రం వెళ్ళకు. అది నువ్వూ నీ పారా పూడ్చేది కాదు. మావాడు చుట్టూ కంచె వేశాడు."

ఆ రోజూ, ఆ మర్నాడు సగం రోజూ నెరిడా గిమ్లెట్ చెట్టు చుట్టూ ఉన్న గుంతలు పూడ్చింది. నడుం పట్టేసింది. పాపం కడుక్కోవడానికని కాదు. పని కనపడుతుంటే చెయ్యకుండా ఉండటం ఆమె పుట్టింటి వాళ్ళు నేర్పలేదు. తను పూడ్చుతుంటే పక్కన ఇంకెవరూ తవ్వకపోవడం వింతగా ఉంది. ఎక్కడా ఆగి ఎదురుచూడనక్కర్లేదు. ఒకటి అయిపోగానే ఇంకోటి.

తరువాత బల్ల మడిచింది, గ్యాసు కట్టేసింది. కారు కొక్కానికి కారవాన్ తగిలించడానికి మూడుసార్లు వెనక్కీ ముందుకీ నడిపింది. ప్రతిసారీ దిగి వచ్చి చూసుకుని, మళ్ళీ ఎక్కింది. తారురోడ్డు దక్షిణాన ఉంది. పగలు ఇంకా మూడు గంటలే ఉంది. చీలిక దగ్గర ఈసారి ఆగలేదు. రోడ్డుకు వ్యతిరేక దిక్కున, ఇంటి వైపు తిప్పింది. గతుకుల దారి. వెనక కారవాన్లో గిన్నెలు మోగుతూనే ఉన్నాయి.

గ్వెండా వంటింటి తలుపు ముందు కూర్చుని బంగాళదుంపలు చెక్కు తీస్తోంది. కారు ఆగడం చూసి కూడా లేవలేదు. నెరిడా దిగి వచ్చి మెట్టు కింద నిలబడింది. దారి పొడుగునా ఏమనాలో అనుకుంటూ వచ్చింది. వచ్చాక అందులో ఒక్క మాటా గుర్తు లేదు.

"నేను వెళ్తున్నాను గ్వెండాగారూ," అంది. "ఇంకోటి కూడా. తొమ్మిదేళ్ళ క్రితం... లిండ్సే, నేనూ. మేం వెళ్తున్నామండీ. వాన వస్తోంది కాబట్టి ఇప్పుడే బయల్దేరుతున్నాం. మాకోసం చూడకండి."

గ్వెండా కత్తి ఆగింది. పెరట్లో మేకలు దేనికో అరిచి ఊరుకున్నాయి.

"సరే," అంది చివరికి. "ఇద్దరూ జాగ్రత్తగా వెళ్ళండి. చీకటి పడేలోపు రోడ్డెక్కండి, కంగారూలు అడ్డమొస్తాయి."

నెరిడా వెళ్ళి కారెక్కింది.